నేను బల్లిని

మా పాపకి నాలుగున్నరేళ్ళు. రాత్రి పడుకోబోయే ముందు రెండు పుస్తకాలు చదవాలని మా ఇద్దరికీ ఒప్పందం. ఒకటి కథ పుస్తకం, ఇంకోటి 'నిజం పుస్తకం'. ఈ రెండో పేరు తను పెట్టిందే. జంతువులు మాట్లాడితే కథ పుస్తకం, మాట్లాడకపోతే నిజం పుస్తకం. నాన్‌ఫిక్షన్‌కి ఇంతకన్నా సూటి నిర్వచనం నేనింకా ఏ వ్యాసంలోనూ చదవలేదు.

రెండేళ్ళుగా ఈ నిజం పుస్తకాలు చదువుతున్నాను. చదవడమంటే పైకి, ఇంగ్లిషులో ఉన్నదాన్ని అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ. ఒక్కోటి ముప్ఫై నలభైసార్లు. నాకెంతో ఇష్టమైన ఏ నవలనీ నేను నలభైసార్లు చదవలేదు. పుస్తకంలో సరుకు లేకపోతే ఆరోసారికే తెలిసిపోతుంది. పాపకి కాదు, నాకు. తను ఇంకా 'మళ్ళీ' అంటూనే ఉంటుంది, నా గొంతు మాత్రం పొద్దున్న స్టాండప్ మీటింగులో నిన్న ఏం చేశానో చెప్పే గొంతులోకి దిగిపోతుంది. మంచి పుస్తకమైతే నలభయ్యోసారి కూడా ఎక్కడో ఒకచోట ఆగుతాను. పెద్దవాళ్ళ పుస్తకాల గురించి ఎన్నో వాదించుకుంటాం కదా, ఇంతగా చదవబడే వీటి గురించి ఎందుకు వాదించుకోం అని ఈ మధ్య అనిపిస్తోంది.

ముందు పారేసిన పుస్తకం సంగతి. బుక్ ఫెయిర్‌లో కొన్నాను, అట్ట పేజీల పుస్తకం, ఇంగ్లిషు పేరు పైన, తెలుగు పేరు కింద. అడవి జంతువులు, పెంపుడు జంతువులు, నీటి జంతువులు అని మూడు భాగాలు. నీటి జంతువుల్లో సీల్ బొమ్మ ఉంది. దాని కింద తెలుగులో 'ముద్ర' అని ఉంది. నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఎవరో మనిషి ఒక్కసారి ఆ పేజీ చూసుంటే చాలు, అది అచ్చయ్యేది కాదు. అంటే ఎవరూ చూళ్ళేదు. పిల్లల పుస్తకం కాబట్టి చూడక్కర్లేదనుకున్నారు. మేం ఆఫీసులో రివ్యూ లేకుండా ఒక్క లైను కోడ్ కూడా ప్రొడక్షన్‌లోకి పంపం. ఆ లైను వల్ల పాడయ్యేది మహా అయితే ఒక బటన్. ఇక్కడ ఒక పిల్లకి ఒక ప్రాణి పేరు.

కానీ ఆ పుస్తకంతో నా అసలు గొడవ తప్పు అనువాదం కాదు. తెల్లటి ఖాళీలో ఒక ఫొటో, కింద ఒక పేరు, అంతే. పులి ఏం చేస్తుంది? పులి ఉంటుంది. ఆవు? ఆవూ ఉంటుంది. మన అక్షరాల చార్టు కూడా ఇదే పని చేస్తుంది. ఆ - ఆవు, ఈ - ఈగ, ఉ - ఉడుత, ఎ - ఎలుక, ఏ - ఏనుగు, ఒ - ఒంటె. ఒంటెని నేను మొదటిసారి నిజంగా చూసేనాటికి నాకు పదమూడేళ్ళు. అప్పటిదాకా ఒంటె అంటే 'ఒ'ని మోసే జంతువు. చార్టులో జంతువులు అక్షరాలకి కూలి చేస్తాయి, వాటి గురించి ఎవరికీ పట్టదు. బొమ్మలతో పిల్లలకి లోకాన్ని చూపించిన తొలి పాఠ్యపుస్తకంగా చెప్పుకునే కొమేనియస్ పుస్తకం 1658లో వచ్చింది. అందులోనూ మొదట్లో అక్షరాలే, పక్కన ఎక్కువగా జంతువులే. కాకపోతే ఆయన జంతువు పేరుని కాకుండా అరుపుని పట్టుకున్నాడు. 'అ' అనే ధ్వని కాకిది. పేరు మనం పెట్టింది, అరుపు దానిదే కదా. మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ తేడా నాకు చిన్నదిగా అనిపించదు.

ఇప్పుడు ఆగిన పుస్తకం. స్టీవ్ జెంకిన్స్, ఆయన భార్య రాబిన్ పేజ్ కలిసి చేసిన 'వాట్ డూ యు డూ విత్ ఎ టెయిల్ లైక్ దిస్?'. 2003లో వచ్చింది, మరుసటి ఏడాది కాల్డెకాట్ ఆనర్ అందుకుంది. జెంకిన్స్ అమెరికన్, మొదట గ్రాఫిక్ డిజైనర్. 2021 డిసెంబర్‌లో చనిపోయాడు. ఆయన బొమ్మ గీయడు. రంగురంగుల కాగితాలని కత్తిరించి, చింపి, అతికిస్తాడు. కాగితం ముడతే చర్మం ముడత, చింపిన అంచే బొచ్చు. ఫొటోలో కనిపించనిది ఇందులో ఎందుకు కనిపిస్తుందని చాలా రోజులు ఆలోచించాను. ఫొటోలో అన్నీ ఉంటాయి కాబట్టి కన్ను దేనిమీదా నిలవదు. ఈయన ఒక్కో ముక్కనీ కత్తిరించేటప్పుడు ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో తేల్చుకోవాల్సిందే. ఆ తేల్చుకోవడం పాప కంటికి అందుతుంది.

పుస్తకం నడిచే తీరు చాలా సులువు. పేజీ తిప్పగానే ఐదు ముక్కులు. జంతువులు లేవు, ముక్కులే. వీటితో ఏం చేస్తావని ప్రశ్న. మళ్ళీ తిప్పితే ఏ ముక్కు ఎవరిదో, దాంతో ఏం పనో. తర్వాత చెవులు, తోకలు, కళ్ళు, కాళ్ళు, నోళ్ళు. కీచురాయికి చెవులు ముందుకాళ్ళ మోకాళ్ళ దగ్గర ఉంటాయని నాకు ముప్ఫై నాలుగేళ్ళ వయసులో ఈ పుస్తకం వల్లే తెలిసింది. అసలు వివరమంతా చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదివేవాళ్ళ కోసం. 'ఎందుకు' అని పిల్ల అడిగినప్పుడు పెద్దవాళ్ళ పరువు పోకుండా ఆ ఏర్పాటు.

ఇవన్నీ బాగున్నాయి, కానీ నన్ను ఆపింది ఇవి కాదు. జవాబు చెప్పే పద్ధతి. ఏనుగు తొండంతో ఇది చేస్తుంది అని చెప్పడు. నువ్వే ఏనుగువైతే ఇది చేస్తావు అంటాడు. ఇంగ్లిషులో ఇది మామూలుగా దాటిపోతుంది, వాళ్ళ 'యు' ఎవరికైనా సరిపోతుంది. తెలుగు చేస్తుంటేనే నాకు తెలిసొచ్చింది. నువ్వు ఏనుగువైతే. నువ్వు బల్లివైతే. మన భాషలో నామవాచకానికే మనిషి అంటుకుంటాడు. నేను బల్లిని, నువ్వు బల్లివి. మధ్యలో 'అయి ఉన్నాను' లాంటి తోక ఏమీ అక్కర్లేదు. మా పాప మూడోరోజుకే దీన్ని పట్టేసింది. గోడకి రెండు చేతులూ ఆనించి "నేను బల్లిని" అంది. బల్లిలా ఉన్నాను అనలేదు.

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఒక పరిశోధన గురించి చెప్పాలి. టొరంటోలో ప్యాట్రీషియా గానియా, ఆవిడ సహచరులు 2014లో 'ఫ్రాంటియర్స్ ఇన్ సైకాలజీ'లో ఒక వ్యాసం వేశారు. పసిపిల్లలకి అంతకుముందు తెలియని జంతువుల గురించి బొమ్మల పుస్తకాలు చదివి వినిపించారు. కొన్నిట్లో జంతువులు జంతువుల్లాగే ఉన్నాయి, కొన్నిట్లో మనుషుల్లా మాట్లాడాయి, మనుషుల పనులు చేశాయి. మనుషుల్లాంటి జంతువుల పుస్తకం విన్న పిల్లలు అసలు విషయం తక్కువ నేర్చుకున్నారు, నిజం జంతువులకి మనిషి లక్షణాలు ఎక్కువ అంటగట్టారు. చదివి నాకు కాస్త భయమేసింది. ఎందుకంటే తెలుగులో జంతువు గురించి పసిపిల్లతో మాట్లాడే పద్ధతి నాకు ఒకటే తెలుసు. కాకమ్మ, పిచ్చుకమ్మ, చిలకమ్మ, నక్కబావ, కోతిబావ. మా అమ్మ బాల్కనీలో కాకికి అన్నం పెడుతూ "ఇవాళ రాలేదేమ్మా" అని దాన్నే అడుగుతుంది.

అయితే నక్కని బావ అనడమూ దానికి టోపీ పెట్టి గొడుగు ఇవ్వడమూ ఒకటేనా? నాకలా అనిపించదు. బావ అంటే నక్క మనిషయిపోయిందని కాదు, మనకి ఏదో అవుతుందని. వరసలు కలపడం మనకలవాటు, బస్సులో పక్క సీటు మనిషితోనూ కలుపుతాం. కానీ వరస కలిపాక ఆ ప్రాణి గురించి ఇంకేమీ తెలుసుకోనక్కర్లేదన్న సోమరితనం వచ్చేస్తుంది. నక్కబావ జిత్తులమారి. సరే, ఏం తింటుంది? ఎక్కడ పడుకుంటుంది? పిల్లల్ని ఎన్నాళ్ళు సాకుతుంది? బావగారి గురించి మనకేమీ తెలీదు. జెంకిన్స్ దీనికి అటువైపు నుంచి వస్తాడు. జంతువుని మనిషిని చేయడు, పిల్లని జంతువుని చేస్తాడు. అప్పుడు సమాచారం దానంతటదే అవసరమవుతుంది. నేను బల్లినైతే, నన్నెవరైనా తోక పట్టుకుంటే ఏం చేయాలి? ఇది పరీక్ష ప్రశ్న కాదు, ప్రాణం మీదకొచ్చిన ప్రశ్న. తోక వదిలేసి పారిపోవాలి. (బల్లి గురించి తెలుగిళ్ళల్లో ఖాయంగా దొరికే అచ్చుపాఠం పంచాంగంలోని బల్లిపాటు ఫలితాలు. అందులో బల్లి ఎక్కడ పడితే మనకేమవుతుందో ఉంటుంది. పడితే బల్లికేమవుతుందో ఉండదు.)

ఆయనదే ఇంకో పుస్తకం, 2004లో వచ్చిన 'యాక్చువల్ సైజ్'. పేరులో ఉన్నదే విషయం. ప్రతి జంతువూ, లేకపోతే అందులో పేజీలో పట్టినంత ముక్క, దాని నిజమైన కొలతలో. అట్ట మీద గొరిల్లా చెయ్యి. పేజీ అంతా ఆక్రమించిన జెయింట్ స్క్విడ్ కన్ను, దాదాపు అడుగు వెడల్పు. బియ్యపుగింజకంటే కాస్త పెద్దదైన ఒక చేప. పక్కన కొలతలు, బరువులు ఉంటాయి గానీ వాటిని ఎవరు చూస్తారు? పిల్లలు చేసే మొదటి పని గొరిల్లా చేతిమీద తమ చెయ్యి పెట్టడం. నేనూ పెట్టాను, ఎవరూ చూడనప్పుడు.

ఈ పుస్తకాన్ని ముందు ట్యాబ్‌లో చూశాం. మా తప్పే, కాగితం పుస్తకం ఖరీదెక్కువని. ట్యాబ్‌లో స్క్విడ్ కన్ను స్క్రీన్‌కి సరిపడా కుదించుకుపోయి బత్తాయంత అయింది. పాప రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసింది, చిన్నది చేసింది, ఇంకా పెద్దది చేసింది, బోరుకొట్టి పక్కకి తోసేసింది. వృత్తిరీత్యా నేను చేసేది ఈ పనే, ఏ స్క్రీన్‌లోనైనా ఏదైనా పట్టేలా చూడటం. పదేళ్ళుగా దాన్ని సౌకర్యమనే అనుకున్నాను. అన్నిటినీ మన వేళ్ళ మధ్యకి తెచ్చాక దేనికీ సైజ్ లేకుండా పోతుందని ఒక పిల్లల పుస్తకం చెప్పేదాకా తట్టలేదు. తర్వాత కాగితం పుస్తకం తెప్పించాను. అది లొంగదు. దాంట్లో కన్ను అడుగంటే అడుగే, మనమే వెనక్కి జరగాలి.

ఇంత మెచ్చుకున్నాక నసుగుడు కూడా చెప్పాలి. ఈ జెంకిన్స్ పుస్తకాల్లో నేల లేదు. తెల్లటి కాగితం మీద ప్రాణి ఒంటరిగా ఉంటుంది. చెట్టు లేదు, బురద లేదు, పక్కన ఇంకో జంతువు లేదు. నేను తిట్టిన అట్టపుస్తకంలాగే, కాకపోతే చాలా అందంగా. ఇంకోటి, ప్రతి అవయవానికీ ఒక ఉపయోగం. ముక్కు దీనికి, తోక దానికి. ఇంజనీరుగా నాకిది భలే నచ్చుతుంది, అందుకే అనుమానం కూడా. ఫీచర్ల జాబితాలా ఉంటుంది. మా అమ్మమ్మగారి ఊళ్ళో చెరువులో గేదె మధ్యాహ్నమంతా ముక్కు ఒక్కటే పైకి పెట్టి ఊరికే ఉండేది. ఆ ముక్కుతో ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్తాం? ఏమీ చేయకుండా ఉండటం కూడా జంతువు జీవితమే, బహుశా ఎక్కువ భాగం అదే. అది ఈ పుస్తకాల్లో పట్టదు. అతి పెద్దవి, అతి చిన్నవి, అతి వింతవి. కాకికి చోటు దొరకడం కష్టం.

ఎరిక్ కార్ల్ 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' (1969) గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో అది నిజం పుస్తకాల అరలో ఉంది. గొంగళిపురుగు చాక్లెట్ కేక్ తింటుంది, ఐస్‌క్రీమ్ తింటుంది, కానీ మాట్లాడదు. పాప లెక్క ప్రకారం నిజం పుస్తకమే. కేక్ దానికెవరిచ్చారని ఒకసారి అడిగిందంతే. దానిలో అందరికీ తెలిసిన తప్పొకటుంది. సీతాకోకచిలుక అందులో దారపు గూడులోంచి బయటికొస్తుంది. నిజానికి సీతాకోకచిలుక గొంగళి ఆఖరి చర్మం వదిలేసి గట్టి డొల్లలాంటి ప్యూపా అవుతుంది. దారంతో గూడు అల్లుకునేవి చాలావరకు వేరే రకం, మన పట్టుపురుగుల వైపువి. వాటిని చిమ్మటలు అనాలని పాఠ్యపుస్తకం చెప్తుంది. మా అమ్మకి మాత్రం చిమ్మట అంటే రాత్రిళ్ళు అరిచే పురుగు. కాబట్టి నేను "రెక్కల పురుగు" అని గట్టెక్కాను.

కార్ల్ చేసిన తప్పు నాకంత పెద్దదిగా అనిపించదు, ఆ పుస్తకం ఆకలి గురించి, ఎదగడం గురించి. కానీ దాన్ని సరిదిద్దబోయి నేను ఇరుక్కున్నాను. గూడు అల్లుకునేది పట్టుపురుగు అని, హిందూపురంలో పట్టుగూళ్ళకి పెద్ద మార్కెట్ ఉందని, అమ్మ పెళ్ళి చీర ఆ దారంతోనే నేశారని చెప్పుకుంటూ పోయాను. "మరి లోపలున్న పురుగు ఎప్పుడు బయటికొచ్చింది?" అని అడిగింది. రాదు. వస్తే దారం తెగిపోతుంది కాబట్టి రాకముందే గూళ్ళని వేడిచేస్తారు. నేను పేజీ తిప్పేశాను.

తెలుగులో ఇలాంటి పుస్తకాలు లేవా అంటే, దారులున్నాయి. తూలిక వాళ్ళ ద్విభాషా పుస్తకాలున్నాయి, మంచి పుస్తకం వాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో ఎవరైనా అనువదించి పెట్టొచ్చు, నేనూ ఒకటి ప్రయత్నించాను. అక్కడ నాకు తెలిసొచ్చింది, నా చేతిలో జంతువుల తెలుగు దాదాపు లేదని. హైనా అని రాయబోయి నిఘంటువు తీస్తే దుమ్ములగొండి అని ఉంది. దుమ్ము అంటే ఎముక. ఎముకలు నమిలే ప్రాణి. జెంకిన్స్ రెండు పేజీలు పెట్టి చెప్పేది ఒక్క మాటలో కట్టి పెట్టేశారు ఎవరో. ఒంటిమీద కట్లుంటే కట్లపాము. కడప జిల్లాలో కలివి పొదల్లో తిరిగేది కలివికోడి. 1900 తర్వాత శాస్త్రజ్ఞులకి కనిపించక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్ళీ దొరికింది, చూపించింది అక్కడి ఊళ్ళవాళ్ళే. వాళ్ళ నోట్లో దాని పేరు అప్పటికే ఉంది. పేరు పెట్టడమంటే చూడటమే అయిన కాలం ఒకటుందని ఇలాంటి మాటలు చెప్తాయి. మనం రాయాల్సిన నిజం పుస్తకాలకి కావలసినంత ముడిసరుకు అక్కడే ఉంది. తెల్ల కాగితం మీద కాకుండా ఆ పొదలతో సహా.

ఇదంతా రాయడానికి అసలు కారణం పోయిన నెల జరిగింది. మా ఫ్లాట్ బాల్కనీలో పావురాల గోల భరించలేక వల కట్టించాం. కట్టడానికొచ్చిన కుర్రాడు ఏసీ పెట్టె వెనక గూడు చూపించాడు. నాలుగు చీపురుపుల్లలు, రెండు గుడ్లు. "తీసెయ్యనా సార్?" అన్నాడు. నాకు పదిన్నరకి కాల్ ఉంది. తల ఊపాను. సాయంత్రం పాప స్కూలునుంచి వచ్చి గూడు ఏదని అడిగింది. పావురమ్మ కొత్త ఇంటికి షిఫ్టయిపోయిందమ్మా, గుడ్లు కూడా పట్టుకెళ్ళింది అన్నాను. నిజం పుస్తకాల గురించి ఇన్ని కబుర్లు చెప్పేవాణ్ణి, క్షణం తడుముకోకుండా కథ పుస్తకంలోకి దూరిపోయాను. అమ్మ అని వరస కూడా కలిపాను.

ఆ రాత్రి తను తోకల పుస్తకమే తెచ్చింది. ముక్కులు అయ్యాయి, చెవులు అయ్యాయి. కాళ్ళ పేజీ దగ్గర చెయ్యి అడ్డంపెట్టి ఆపింది.

"నాన్నా, నువ్వు పావురానివైతే గుడ్లు దేంతో పట్టుకెళ్తావు? ముక్కుతోనా, కాళ్ళతోనా?"

పావురం ముక్కు ఎంతుంటుందో, గుడ్డు ఎంతుంటుందో తనకి తెలుసు. వారం రోజులు అద్దంలోంచి చూసింది.

"పట్టుకెళ్ళలేదమ్మా" అన్నాను.

"మరి?" అంది.